అరిగిందా, ఆరలేదా?

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు ప్రచురించవద్దని కోరారు. వయసు 42 సంవత్సరాలు, ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అధ్యాపకురాలు. రక్తంలో చక్కెర సరిహద్దులో ఉందని డాక్టరు హెచ్చరించడంతో రెండేళ్ళ క్రితం సైకిలు మొదలుపెట్టారు. మంగళ, బుధ, శుక్రవారాల్లో తెల్లవారుజామున 20 కిలోమీటర్లు, ఆదివారం బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాటి వెళ్ళి వచ్చేసరికి 65 కిలోమీటర్లు తొక్కుతారు. పరీక్షలు, పెళ్ళిళ్ళు, తుపానులు తీసేస్తే ఏడాదికి 40 వారాలు ఈ క్రమం తప్పలేదట.

ఇంతవరకు ఆమె రెండు ప్యాడెడ్ షార్ట్స్ (కూర్చునే చోట ఫోము మెత్త కుట్టిన సైకిలు నిక్కర్లు) వాడారు. ఆన్‌లైన్లో 900 రూపాయలకు కొన్న మొదటిది ఏడాది తిరక్కుండానే గుడ్డపీలికలా అయిపోయింది, ఇప్పుడు దానితో చైను తుడుస్తున్నారు. రెండోది డాలస్‌లో ఉన్న తమ్ముడు పెళ్ళికి వచ్చినప్పుడు తెచ్చినది, ఖరీదు 120 డాలర్లు. మొదటి ఏడాది దాన్ని ఆదివారాలకే దాచుకున్నారు, ఆ తరువాత నుంచి నాలుగు రోజులూ అదే. ఇప్పుడు 40 కిలోమీటర్లు దాటేసరికి రాళ్ళ మీద కూర్చున్నట్టు ఎముకలు నొప్పి పెడుతున్నాయి. తొడల లోపలి వైపు ఒరుసుకుపోయి, స్నానం చేసేటప్పుడు నీళ్ళు తగిలితే మంట. జులై చివర ఒకటి, సెప్టెంబరులో ఒకటి సెగ్గడ్డలు కూడా లేచాయి. "రెండేళ్ళకే పాడయ్యేదానికి అంత డబ్బా? పట్టుచీర ఇరవై ఏళ్ళు కట్టడం లేదూ?" అని భర్త అంటున్నారు. వారానికి 250 కిలోమీటర్లు తొక్కే తోటి సైక్లిస్టులు ఆరు నెలలకోసారి మార్చాలంటున్నారు. శనివారాలు మాత్రమే ఓ 40 కిలోమీటర్లు తొక్కే తమ్ముడేమో తన రెండు జతలూ ఐదేళ్ళుగా బాగానే ఉన్నాయంటున్నాడు. డిసెంబరు రెండో వారంలో ఆమె మొట్టమొదటి 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తిచేయవలసిన దూరపు సైకిలు రైడు) ఉంది. "వీరిలో ఎవరి మాట నిజం? ఇది నిజంగా అరిగిపోయిందా, లేక నా శరీరమే దీనికి పనికిరాదా?" అన్నది ఆమె ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా మీ చివరి మాటకు జవాబు చెబుతాను. రెండేళ్ళలో పదివేల కిలోమీటర్లు తొక్కిన శరీరం సైకిలుకు పనికిరాకపోవడం ఉండదు, కాబట్టి ఆ అనుమానాన్ని పక్కన పెట్టండి. మిగిలిన ప్రశ్నలో మాత్రం మీరు మూడు బాధలను ఒకే మూటగా కట్టారు. ఎముకల నొప్పి, తొడల మంట, సెగ్గడ్డ ఒకే చోట పుట్టినవి కావు, ఒకే మందుతో పోయేవీ కావు. మీరు మధ్యలో ఒక్కొక్క వాక్యంలో చెప్పి వదిలేసిన మూడు సంగతులు నాకు అసలు ప్రశ్నకన్నా ముఖ్యంగా కనిపించాయి. మే నెలలో నిటారుగా కూర్చుని తొక్కే హైబ్రిడ్ సైకిలు ఇచ్చేసి, ముందుకు వంగి తొక్కే రోడ్ సైకిలు తీసుకున్నారు. ఈ రెండేళ్ళలో ఏడు కిలోలు తగ్గారు. బాల్కనీలో ఆరేస్తే ఎదురు ఫ్లాట్లకు కనిపిస్తుందని మీ అత్తగారు అభ్యంతరపెట్టడంతో, షార్ట్స్‌ను బాత్రూములో గీజరు పైపు మీద, పైన తువ్వాలు కప్పి ఆరేస్తున్నారు. ఈ మూడింటినీ పక్కన పెట్టుకుని మీ లెక్క చూద్దాం.

ప్యాడెడ్ షార్ట్స్ వయసును సంవత్సరాల్లో లెక్కపెట్టడం వల్లనే మీ ఇంట్లో ఈ వాదన తెగడం లేదు. దాని మీద కూర్చున్న గంటలే దాని వయసు, ఆ తరువాత ఎన్ని ఉతుకులు పడ్డాయన్నది. తమ్ముడు తెచ్చిన జత మొదటి ఏడాది 40 ఆదివారాలు, అంటే 2,600 కిలోమీటర్లు నడిచింది. రెండో ఏడాది మొత్తం భారం దానిదే కనుక వారానికి 125 చొప్పున 5,000. మొత్తం 7,600 కిలోమీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగం అనుకుంటే 380 గంటలు, 200 ఉతుకులు. నేను వాడినవీ, నాతో తొక్కేవారు వాడినవీ చూసిన అనుభవంతో చెబుతున్నాను: వెయ్యి రూపాయల లోపు షార్ట్స్ వంద, నూట యాభై గంటల సుఖం ఇస్తాయి, మంచి ఫోమూ మంచి కుట్టూ ఉన్నవి మూడు వందల నుంచి ఐదు వందల గంటల దాకా నిలుస్తాయి. మీ 900 రూపాయల జత 120 గంటల దగ్గర చేతులెత్తేసింది. 380 గంటల జత ఇప్పుడు అలసిపోయిందంటే దాని ఆయుష్షులో అది సహజమైన చోటే, మోసపోయినట్టు కాదు.

ఈ లెక్కలో పెట్టి చూస్తే మీకు సలహా ఇచ్చినవారందరూ నిజమే చెప్పారు. వారానికి 250 కిలోమీటర్లు తొక్కేవారు ఒకే జత వాడితే ఆరు నెలల్లో 6,500 దాటుతారు కనుక వారికి ఆరు నెలల గడువు సరిపోతుంది. మీ తమ్ముడు ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తొక్కి దాన్ని రెండు జతలకు పంచుతున్నాడు కనుక అతనికి ఐదేళ్ళు వచ్చాయి. మీవారి పట్టుచీర పోలిక కూడా తీసేయదగ్గది కాదు. ఏడాదికి నాలుగు శుభకార్యాలకు, పూటకు ఆరు గంటల చొప్పున ఇరవై ఏళ్ళు కట్టిన చీర ఒంటి మీద ఉన్నది మొత్తం 480 గంటలే. అదీ చెమటలో నానకుండా, ప్రతిసారీ సబ్బునీళ్ళలో మునగకుండా, మనిషి బరువు కింద నలగకుండా. ఈ లెక్క ఆయనకు చూపించండి. కోపంతో వద్దు, కాగితం మీద వేసి చూపించండి. లెక్క కుదిరితే వినే మనిషిలాగే ఉన్నారు మీ ఉత్తరంలో.

ఇక వస్తువు సంగతి. ఈ షార్ట్స్ రెండు చోట్ల విడివిడిగా ముసలివవుతాయి. ఒకటి ప్యాడ్, రెండోది గుడ్డ. ప్యాడ్ ముసలితనం కంటికి కనబడదు, అందుకే ఎక్కువమంది దాన్ని తమ శరీరం తప్పుగా అర్థం చేసుకుంటారు. లోపల ఉన్నది గాలి గదులున్న పాలియురిథేన్ ఫోము. మీరు కూర్చున్నప్పుడల్లా ఆ గదులు అణిగి, లేచినప్పుడు మళ్ళీ ఉబ్బుతాయి. గదుల గోడలు కొన్ని వేలసార్లు మడతపడ్డాక చిట్లుతాయి, ఇక ఆ చోట ఫోము పైకి లేవదు. దూది పరుపు అణిగిపోతే ఏకించి మళ్ళీ కుట్టించుకోవచ్చు, ఫోముకు ఏకుడు లేదు.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. షార్ట్స్‌ను తిరగేసి వెలుతురులో పట్టుకోండి. ప్యాడ్ వెనుక భాగంలో, కుడివైపు ఒకటి ఎడమవైపు ఒకటి, మీ కూర్చునే ఎముకలు ఆనే రెండు చోట్లు ఉంటాయి. అక్కడ గుడ్డ కాస్త నున్నగా మెరుస్తూ ఉంటుంది కనుక గుర్తుపట్టడం కష్టం కాదు. ఆ చోటును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. తరువాత బరువు పడని చోట, అంటే ప్యాడ్ మధ్యలో రెండు ఎముకల మధ్య భాగంలో, అదే బలంతో నొక్కండి. మధ్య భాగంలో వేళ్ళకు ఎదురుతోపు తెలిసి, ఎముకల చోట మాత్రం వేలికి వేలు తగులుతున్నంత పలుచగా అనిపిస్తే ప్యాడ్ పని అయిపోయినట్టే. రెండుచోట్లా ఇంచుమించు ఒకేలా ఉంటే ప్యాడ్ ఇంకా బతికే ఉంది, నొప్పికి కారణం సీటులో వెతకాలి. రైడు నుంచి వచ్చిన వెంటనే ఈ పరీక్ష చేయకండి. ఉతికి, పూర్తిగా ఆరి, ఒకరోజు ఊరుకున్నాక చేయండి. అలసిన ఫోము కూడా విశ్రాంతి తరువాత కొంత లేస్తుంది కాబట్టి, అప్పుడు కూడా లేవనిదే నిజంగా పోయినది.

గుడ్డ ముసలితనం దీనికి భిన్నం, అది కళ్ళకు కనిపిస్తుంది. ఈ గుడ్డలో ఉండే, మనం లైక్రా అని పిలిచే సాగుడు దారాన్ని అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త 1958లో రూపొందించారు. తన పొడవుకు ఐదారు రెట్లు సాగి మళ్ళీ యథాస్థానానికి రావడం దాని గుణం. వేడినీళ్ళు, బ్లీచింగు, గంటల తరబడి ఎండ ఆ గుణాన్ని తినేస్తాయి. షార్ట్స్ వెనుక భాగంలో అరచెయ్యి పెట్టి, లోపలి నుంచి గుడ్డను సాగదీసి కిటికీ వైపు చూడండి. చెయ్యి రంగు కనిపిస్తున్నా, తెల్లటి సన్నని దారాలు వెంట్రుకల్లా బయటికి పొడుచుకు వచ్చినా లోపలి సాగుడు దారం తెగిపోతోందని అర్థం. తొడ దగ్గరి పట్టీ మీ కాలిని పట్టుకోకుండా పైకి ఎగబాకుతుంటే అదీ ఒక గుర్తే. గుడ్డ పట్టు వదిలితే ప్యాడ్ ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. ప్యాడ్ మీ చర్మంతోపాటు కదలాలి, సీటు మీద జారుడు అంతా గుడ్డ బయటివైపు జరగాలి. వదులైన షార్ట్స్‌లో ప్యాడ్ ఒకవైపు, చర్మం ఒకవైపు కదులుతాయి. తొడల ఒరిపిడి పుట్టేది అక్కడే.

ఇక్కడే మీ ఏడు కిలోలు గుర్తుకు వస్తున్నాయి. ఆ తగ్గుదలకు మనసారా అభినందిస్తున్నాను, మీరు సైకిలెక్కిందే అందుకు. కాని రెండేళ్ళ క్రితపు నడుముకూ తొడలకూ సరిపోయిన షార్ట్స్ ఇప్పుడు మీకు ఒక సైజు పెద్దదై ఉండాలి. అద్దం ముందు నిలబడి సైకిలు మీద వంగినట్టు ముందుకు వంగి చూడండి. తొడ మొదట్లోనో పిరుదుల కిందనో ముడతలు పడుతుంటే మీ మంటకు సగం కారణం ఆ ముడతే. మీరు ఉత్తరంలో ప్రస్తావించలేదు కాని, లోపల మామూలు లోదుస్తులు వేసుకుంటున్నట్టయితే మానేయండి. నూలు గుడ్డ చెమటను పట్టి ఉంచుతుంది, దాని అంచు కుట్టు సరిగ్గా గజ్జల దగ్గర రంపంలా పనిచేస్తుంది. ప్యాడెడ్ షార్ట్స్ నేరుగా ఒంటికి ఆని ఉండడానికే కుట్టినవి.

ఎముకల నొప్పి విషయంలో మాత్రం షార్ట్స్‌ను ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం నాకు సమంజసంగా తోచలేదు. సైకిలు మారింది మే నెలలో, నొప్పి మొదలైంది జూన్లో అని మీరే రాశారు. హైబ్రిడ్ మీద నిటారుగా కూర్చునేవారు, బరువు వెనుక వైపు వెడల్పుగా పడేది. రోడ్ సైకిలు మీద నడుము ముందుకు వాలుతుంది, ఆనే చోటు కొంచెం ముందుకు జరుగుతుంది, సీటూ సన్ననిది. అంటే పాత సైకిలు మీద 300 గంటలు ఒకచోట అణిగిన ప్యాడ్, ఇప్పుడు కొత్త చోట కొత్త సీటును మోస్తోంది. స్త్రీలకు కూర్చునే ఎముకల మధ్య దూరం సగటున పురుషులకన్నా ఎక్కువ. సైకిలుతో వచ్చిన సీటు మీకు ఇరుకైతే, ఎముకలు దాని అంచుల మీద కూర్చుంటాయి. అలాంటి సీటు మీద కొత్త షార్ట్స్ కూడా 40 కిలోమీటర్లను 55 చేయగలవేమో గాని 200 చేయలేవు. నొప్పితోపాటు తిమ్మిరి కూడా ఉంటే అది ప్యాడ్ లోపమే అనుకుని ఊరుకోకండి. నరం మీద ఒత్తిడి పడుతోందని అర్థం, సీటును వెంటనే మార్చాలి.

సెగ్గడ్డల గురించి రాసేటప్పుడు నాకు మీ మీద కొంచెం కోపం కూడా వచ్చింది, తప్పుగా అనుకోకండి. మంగళవారం ఉదయం తొక్కి, ఉతికి, బాత్రూములో తువ్వాలు కింద వేసినది బుధవారం తెల్లవారి ఐదింటికి "కొంచెం చెమ్మగా ఉన్నా వేసుకుని వెళ్ళిపోతాను" అని రాశారు. విశాఖ గాలిలో, అందులోనూ జులై నుంచి నవంబరు దాకా, బాల్కనీలో వేసిన నూలు బట్టే సాయంత్రానికి ఆరదు. సెంటీమీటరు మందం ఉన్న ఫోము, స్నానాల ఆవిరి నిండే గదిలో, తువ్వాలు కింద ఒక్కరాత్రిలో ఆరే అవకాశం లేదు. పైన గుడ్డ పొడిగా అనిపించినా లోపల తడి ఉంటుంది. ఆ తడిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. నానిన చర్మం తేలిగ్గా ఒరుసుకుంటుంది, ఒరుసుకున్న వెంట్రుక కుదుళ్ళలోకి అవి చేరతాయి. మీ సెగ్గడ్డలు రెండూ వర్షాల నెలల్లోనే రావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ఒక చిన్న పరీక్ష ఉంది: ఉతికిన షార్ట్స్‌కు పొడిగా ఉన్నప్పుడు వాసన లేకుండా, వేసుకుని పది నిమిషాలు తొక్కి ఒళ్ళు వెచ్చబడ్డాక పుల్లటి వాసన వస్తే ఫోము లోపల అవి కాపురం పెట్టాయన్నమాట. అప్పుడు ఎముకల చోట ఎంత బాగున్నా ఆ ప్యాడ్‌ను వదిలేయడమే మేలు.

వైద్యం మాట కూడా చెప్పాలి. ఆ చోటు చూపించడానికి మొహమాటపడి ఇంట్లో ఉన్న పూత రాసుకున్నానన్నారు. మహిళా చర్మవైద్యులకు మీ నగరంలో కొదవలేదు, ఒకసారి వెళ్ళండి. మీకు చక్కెర సరిహద్దులో ఉన్నది కనుక సెగ్గడ్డలు మళ్ళీ మళ్ళీ రావడాన్ని సైకిలు ఖాతాలో మాత్రమే వేయకూడదు, చక్కెర పెరిగినప్పుడు చర్మం ఇలాగే ముందుగా చెబుతుంది. రక్తపరీక్ష మరోసారి చేయించుకోండి. గడ్డను పిసకవద్దు. జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పుండు మానేదాకా సీటు మీద కూర్చోకుండా ఉండడం కష్టమే అయినా, మానని దాని మీద తొక్కితే వారంలో పోయేది నెలకు సాగుతుంది.

ఇప్పుడు ఆరబెట్టే చోటు సంగతి. మీ అత్తగారిని మీరు ఉత్తరంలో ఎక్కడా తూలనాడలేదు, అది నాకు నచ్చింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి కోడలి షార్ట్స్ నలుగురి కళ్ళబడడం ఇబ్బందిగా తోచడంలో ఆశ్చర్యం లేదు. మన ఇళ్ళల్లో లోదుస్తులను తువ్వాలు చాటునే ఆరేస్తూ వచ్చాం. కాని ఈ గుడ్డకు కావలసినదేమిటో చూడండి: దానికి గాలి కావాలి, నేరుగా ఎండ తగలకూడదు. మీ బాల్కనీలో తీగలు రెండు మూడు వరుసలు ఉండి ఉంటాయి. వీధి వైపు తీగ మీద ఒక నేతచీరను పొడవుగా పరచండి, గోడ వైపు తీగ మీద షార్ట్స్ వేలాడదీయండి. మధ్యలో జానెడు ఖాళీ ఉంటే గాలి ఆడుతుంది. చీర ఎదురు ఫ్లాట్లకు తెర అవుతుంది, లైక్రాకు నీడ అవుతుంది. మీ అత్తగారు కోరుకున్న చాటు, ఈ గుడ్డ కోరుకునే నీడ ఒకటే కావడం మీ అదృష్టం. ఒకే తీగ అయితే మడతపెట్టే స్టాండు ఒకటి కొని రాత్రి పడకగదిలో ఫ్యాను కింద పెట్టండి. వర్షాల్లో ఎలాగూ అదే దారి. ఇందుకు ఆమె అనుమతి అడిగేటప్పుడు బట్ట గురించి కాకుండా సెగ్గడ్డ గురించి చెప్పండి. మీరు ఇంతవరకు ఆమెకు ఆ విషయం చెప్పినట్టు లేదు. కోడలు కూర్చోలేక బాధపడుతోందని తెలిస్తే ఆమే ముందుగా చీర తీసుకొచ్చి పరుస్తారేమో.

ఉతకడం గురించి క్లుప్తంగా. రైడు కాగానే విప్పేయండి. భీమిలిలో టీ తాగుతూ తడి షార్ట్స్‌తో అరగంట కూర్చోవడం కూడా చర్మానికి శిక్షే. చల్లటి నీళ్ళలో, తక్కువ సబ్బుతో, ప్యాడ్ బయటికి వచ్చేలా తిరగేసి ఉతకండి. సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించండి, ఎందుకంటే ఫోములో మిగిలిన సబ్బు చెమటతో కలిసి చర్మాన్ని మండిస్తుంది. సువాసన కోసం వేసే మెత్తదనపు ద్రవం వద్దు, అది దారం మీద పొరలా పేరుకుని చెమటను లాగనివ్వదు. క్రిమిసంహారక ద్రవం కూడా వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, చీరను పిండినట్టు మెలితిప్పి పిండకండి. ఫోము గుడ్డ నుంచి విడిపోయి లోపల ఉండలు కట్టేది ఆ పిండుడు వల్లనే. పొడి తువ్వాలులో చుట్టి, చేతులతో అదిమితే నీళ్ళు చాలావరకు దిగిపోతాయి, ఆరే సమయమూ సగం తగ్గుతుంది.

పూర్వం ఈ ప్యాడ్ స్థానంలో తోలు ఉండేది. ఐరోపా కొండల్లో తిరిగే షామ్వా అనే మేకజాతి జంతువు తోలును ఉన్ని షార్ట్స్ లోపల కుట్టేవారు. ఇప్పటికీ సైక్లిస్టులు ప్యాడ్‌ను ఆ పేరుతోనే పిలుస్తారు. ఉతికి ఆరేస్తే అది అప్పడంలా బిగుసుకుపోయేది కనుక మెత్తబరచడానికి క్రీము రుద్దేవారు. నేటి ఫోముకు ఆ అవసరం లేదు, నేటి క్రీము ఒరిపిడి తగ్గించడానికే. మీరు రాసుకుంటున్న కొబ్బరినూనె చర్మానికి హాని చేయకపోయినా ఫోములో ఇంకి మగ్గిపోతుంది, చల్లటి నీళ్ళకు వదలదు. నీళ్ళతో తేలిగ్గా పోయే క్రీము ఏదైనా వాడండి, అదీ పొడవైన రైడ్లకు మాత్రమే.

ఇక మీ ముందున్న దారులు. అన్నిటికన్నా చవకైనది, పాత జతను మంగళ, బుధ, శుక్రవారాలకు ఉంచుకుని ఆదివారానికి ఒక కొత్తది కొనడం. గంట రైడుకు అలసిన ప్యాడ్ కూడా సరిపోతుంది. కాని పాతది మీకు వదులైంది కనుక తొడల మంట ఆ మూడు రోజులూ కొనసాగుతుంది, వరుసగా వచ్చే మంగళ, బుధవారాలకు ఆరే సమయమూ దొరకదు. ఇంకొకటి, తమ్ముడు తెచ్చినంత ఖరీదైనది ఆదివారాలకు ఒకటి, చవకవి రెండు రోజువారీకి తీసుకోవడం. హాయిగా ఉంటుంది, ఆదివారం జతకు ఏడాదికి 130 గంటలే పడతాయి కనుక మూడేళ్ళకు తక్కువ రాదు. దీనికి ఒకటే అడ్డంకి: మీరు ఇంకా బరువు తగ్గుతున్నట్టయితే పదివేల రూపాయల షార్ట్స్ మళ్ళీ ఏడాదికే వదులవుతాయి. మూడో దారి, రెండున్నర నుంచి మూడున్నర వేల మధ్య ధరలో ఒకే రకం రెండు జతలు కొని మార్చి మార్చి వాడడం. ఏడాదికి మీ 250 గంటలు రెండింటికీ పంచితే తలా 125, అంటే రెండేళ్ళకు పైగా వస్తాయి, ఒక్కొక్కటీ ఆరడానికి తీరికా ఉంటుంది. గంటకు ఎంత పడుతుందో చూసినా ఇదే సమంజసం. తమ్ముడు తెచ్చిన జత మీకు గంటకు 26 రూపాయలు పడింది, 900ది ఏడున్నర, ఈ మధ్యరకం పది, పన్నెండు దగ్గర నిలుస్తుంది. నేనైతే ఈ స్థితిలో మూడోదాని వైపే మొగ్గుతాను, కాని మీవారితో కూర్చుని ఖర్చు చూసుకోవలసింది మీరు.

ఏదీ కొనకుండా ముందు సీటు, సైకిలు కొలతలు సరిచేయించుకోవడం కూడా ఒక దారే. ఖర్చు దాదాపు అంతే అవుతుంది. అయితే అణిగిపోయిన ప్యాడ్‌తో కూర్చుని సీటు ఎత్తు పెట్టించుకుంటే, కొత్త షార్ట్స్ వేసుకున్నాక ఆ ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు తేడా వస్తుంది. అందుచేత క్రమం ముందు షార్ట్స్, తరువాత సీటు అయితే మంచిది.

కొనేటప్పుడు ప్యాడ్ మందం చూసి మురిసిపోకండి. ఇడ్లీలా ఉబ్బిన మెత్తటి ఫోము దుకాణంలో హాయిగా ఉంటుంది, రెండో గంటకు పూర్తిగా అణిగిపోతుంది. ఘనపు మీటరుకు ఇన్ని కిలోలని కొందరు తయారీదారులు ఫోము సాంద్రత చెబుతారు. ఒకటి రెండు గంటలకు 60 దగ్గర ఉన్నది చాలు, రోజంతా తొక్కేవారికి 80 నుంచి 120 మధ్యది కావాలి. స్త్రీల కోసం కుట్టిన ప్యాడ్ వెనుక వెడల్పుగా, ముందు పొట్టిగా ఉంటుంది, మీది ఎవరి కోసం కుట్టినదో ఒకసారి చీటీ చూడండి, తమ్ముళ్ళు ఇలాంటివి గమనించరు. నిలబడితే కొంచెం బిగువుగా, వంగితే హాయిగా ఉన్న సైజే సరైన సైజు. భుజాల మీదుగా పట్టీలుండే బిబ్ రకం నడుమును నొక్కదు, ప్యాడ్‌నూ కదలనివ్వదు. కాని 200 కిలోమీటర్ల దారిలో పెట్రోలు బంకు మరుగుదొడ్డిలో చొక్కాతో సహా అంతా విప్పవలసి వస్తుందన్న బాధకు నీళ్ళు తాగడం మానేసిన స్త్రీలను నేను చూశాను. వెనుక క్లిప్పు ఊడదీసే ఏర్పాటున్నది దొరికితే తప్ప మీకు నడుము పట్టీ రకమే నయం.

200 కిలోమీటర్ల బ్రెవేకు గడువు 13 గంటల 30 నిమిషాలు. మీ వేగానికి సీటు మీద పది గంటలైనా కూర్చుంటారు కనుక ఆ రోజు కొత్త షార్ట్స్ మొదటిసారి వేసుకోవడం పొరపాటు. ఈ నెలాఖరులోపు కొనండి. మొదటి ఆదివారం 40, రెండో ఆదివారం మామూలుగా 65 తొక్కి చూడండి. ఆ రెండు వారాల్లో బాల్కనీలో చీర చాటు ఏర్పాటు కూడా మొదలైపోవాలి, సెగ్గడ్డ సంగతి తేలేది దానితోనే. మూడో ఆదివారం వంద దాకా వెళ్ళండి. మంట పోయి, ఎముకల నొప్పి మాత్రం అదే 40 దగ్గర మళ్ళీ పలకరిస్తే ఇక షార్ట్స్‌ను నిందించడం ఆపి, కూర్చునే ఎముకల దూరం కొలిచి సీటు ఇచ్చే దుకాణానికి సైకిలు తీసుకెళ్ళండి. కొత్త షార్ట్స్ వేసుకునే వెళ్ళండి. అప్పటికి డిసెంబరు రైడుకు ఇంకా మూడు వారాలకు పైగా ఉంటుంది, కొత్త సీటుకు అలవాటు పడడానికి అది చాలు.